పచ్చని సీసపు ఫాస్ఫేట్ స్ఫటికం: సొంత సేకరణలోని పైరోమార్ఫైట్ నమూనా గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పచ్చని స్ఫటికం అసలు ఏ ఖనిజం?

దీని పేరు పైరోమార్ఫైట్. రసాయనికంగా ఇది సీసపు క్లోరోఫాస్ఫేట్. ప్రతి 5 సీసపు పరమాణువులకు 3 ఫాస్ఫేట్ సమూహాలు, 1 క్లోరిన్ పరమాణువు చొప్పున ఇందులో ఉంటాయి. లెక్క కట్టి చూస్తే బరువులో దాదాపు 76 శాతం సీసమే. మన ఎముకల్లోను పళ్ళలోను ఉండే ఖనిజ పదార్థానికి, ఎరువుల తయారీ కోసం తవ్వే అపటైట్‌కు ఏ అంతర్నిర్మాణం ఉందో పైరోమార్ఫైట్‌కు కూడా అదే ఉంది. అక్కడ కాల్షియం కూర్చునే చోట ఇక్కడ సీసం కూర్చుంటుంది. ఆ నిర్మాణం వల్లనే ఇది ఆరు పక్కలున్న పట్టకాలుగా పెరుగుతుంది.

18వ శతాబ్దంలో జర్మన్ గనుల వారు దీనిని పచ్చ సీసపు ధాతువు అనే అర్థమిచ్చే పేరుతో పిలిచేవారు. దీనిలో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉందని 1784లో రసాయన శాస్త్రవేత్త మార్టిన్ హైన్రిష్ క్లాప్రోత్ తేల్చాడు. ఈ ఖనిజపు చిన్న ముక్కను ఊదుగొట్టపు మంటలో కరిగిస్తే ఏర్పడే బొట్టు చల్లారేటప్పుడు గుండ్రంగా ఉండిపోక, పలకలు పలకలుగా స్ఫటికీకరిస్తుంది. యోహాన్ ఫ్రీడ్రిష్ లుడ్విగ్ హౌస్మన్ 1813లో పెట్టిన నేటి పేరుకు ఆ ప్రవర్తనే ఆధారం.

సీసం బూడిద రంగు లోహం కదా, మరి ఇది పచ్చగా ఎందుకు ఉంది?

లోహం రంగుకూ దాని సమ్మేళనాల రంగుకూ సంబంధం ఉండనవసరం లేదు. కల్తీ లేని సీసపు క్లోరోఫాస్ఫేట్‌కు అసలు రంగే లేదు. ప్రకృతిలో దొరికే స్ఫటికాలు చిలకపచ్చ నుంచి నాచు రంగు దాకా, పసుపు, నారింజ, గోధుమ, బూడిద, తెలుపు రంగుల్లో కూడా కనిపిస్తాయి. ఒకే గనిలో, ఒక్కొక్కసారి ఒకే స్ఫటికంలో, మొదలు ఒక రంగుగాను కొస మరొక రంగుగాను ఉండడం అరుదేమీ కాదు. కాబట్టి పచ్చదనం ఈ నమూనాకు అందమే తప్ప గుర్తింపు ఆధారం కాదు. పచ్చగా ఉన్నది పైరోమార్ఫైటే కానక్కరలేదు, పైరోమార్ఫైట్ పచ్చగానే ఉండనక్కరలేదు.

ఇది భూమిలో ఎలా ఏర్పడింది?

సీసానికి ప్రధానమైన ముడి ఖనిజం గలీనా, అంటే సీసపు సల్ఫైడ్. లోతుల్లో, వేడి ద్రవాలు శిలల పగుళ్ళలో ప్రవహించిన చోట అది ఏర్పడుతుంది. పై నేల కోతకు గురై ఆ గలీనా సిర (శిల పగులులో నిండిన ఖనిజపు పట్టీ) ఉపరితలానికి దగ్గరైనప్పుడు, వాన నీరు ఆక్సిజన్‌ను వెంట తీసుకుని సిరలోకి దిగుతుంది. అప్పుడు సల్ఫైడ్ సల్ఫేట్‌గా మారి ఆంగ్లిసైట్ అవుతుంది. నీటిలో కార్బోనేట్ ఉంటే సెరుసైట్ అవుతుంది. ఆ నీటిలో ఫాస్ఫేట్, క్లోరైడ్ కూడా ఉంటే, అవి కొద్దిపాటివైనా సరే, సీసం వాటితో కలిసి పైరోమార్ఫైట్‌గా స్థిరపడుతుంది. చుట్టుపక్కల శిలల్లోని అపటైట్ కరగడం వల్ల కానీ, పై నేలలోని జీవ పదార్థం నుంచి కానీ ఫాస్ఫేట్ సమకూరుతుంది.

ఇందులో నాకు అత్యంత ఆసక్తికరంగా అనిపించేది కరగని గుణం. నీటిలో అతి తక్కువగా కరిగే సీసపు సమ్మేళనాల్లో పైరోమార్ఫైట్ ఒకటి. ఆంగ్లిసైట్, సెరుసైట్ మజిలీల వంటివి. పరిస్థితులు మారితే అవి మళ్ళీ కరిగి మరొకటిగా మారతాయి. ఫాస్ఫేట్ దొరికిన సీసం మాత్రం సాధారణ నేల పరిస్థితుల్లో చాలావరకు ఇక్కడే ఆగిపోతుంది. అందుకనే దీనిని సీసపు గనుల పై భాగాల్లో, ఆక్సీకరణ మండలంలో వెతకాలి. లోతుకు వెళ్ళే కొద్దీ ఇది కనుమరుగై గలీనా మిగులుతుంది. మీ నమూనా అడుగున తుప్పు రంగు పొర ఉంటే అది చాలావరకు గోథైట్ వంటి ఇనుప ఆక్సైడ్ అయి ఉంటుంది. సీసంతో పాటు సిరలో ఉన్న ఇనుప సల్ఫైడ్లు ఆ వాన నీటికే శిథిలమై అలా మిగిలాయి. ముదురు గోధుమ రంగు గోథైట్ మీద చిలకపచ్చ పట్టకాలు నిలబడిన నమూనాలు కళ్ళకు ఇంపుగా ఉండడమే కాక, ఆక్సీకరణ చరిత్ర మొత్తాన్ని ఒకే రాతిలో చూపుతాయి.

స్ఫటికాల కొసలు గుంటలు పడినట్లు ఉన్నాయి. విరిగినవా?

చాలా సందర్భాల్లో కాదు. స్ఫటికం వేగంగా పెరిగేటప్పుడు పలక మధ్య భాగం కంటే అంచులకు పదార్థం ముందుగా అందుతుంది. అంచులు పైకి లేచి, మధ్యలో గిన్నెలాంటి గుంట మిగులుతుంది. పైరోమార్ఫైట్‌లో ఇది తరచుగా కనిపించే రూపం. పట్టకం నడుము ఉబ్బి పీపా ఆకారం రావడం, సూదుల్లాంటి స్ఫటికాలు గుచ్ఛంగా పెరగడం, ద్రాక్షగుత్తిలా గుండ్రని ఉపరితలం ఏర్పడడం కూడా సహజమే. పెరుగుదల వల్ల వచ్చిన గుంటకూ విరిగిన చోటుకూ తేడా తెలుసుకోవడానికి పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం చాలు. పెరిగిన గుంటలో మెట్లు మెట్లుగా, పట్టకపు పక్కలకు సమాంతరంగా గీతలు ఉంటాయి. విరిగిన చోట క్రమం లేని, జిడ్డు మెరుపున్న తాజా ఉపరితలం కనబడుతుంది. ఈ ఖనిజానికి చెప్పుకోదగిన చీలిక తలాలు లేవు కనుక విరిగిన ఉపరితలం గరుకుగానే ఉంటుంది.

ఇంట్లోనే దీనిని ఎంతవరకు గుర్తించవచ్చు?

మొదటి ఆధారం బరువు. క్వార్ట్జ్ సాపేక్ష సాంద్రత (నీటి కంటే ఎన్ని రెట్లు బరువో చెప్పే అంకె) 2.65 అయితే, పైరోమార్ఫైట్‌ది 7కు కొంచెం ఎక్కువ. చేతిలోకి తీసుకోగానే, చూపుకు తగినదానికంటే బరువుగా ఉన్నట్లు తెలుస్తుంది. అయితే నమూనాలో ఎక్కువ భాగం ఆధార శిలే (స్ఫటికాలు అంటుకుని ఉన్న రాయి) అయినప్పుడు ఈ పరీక్షకు అర్థం లేదు. మీ దగ్గర రాతి నుంచి విడిపోయిన స్ఫటికం ఏదైనా ఉంటే, సన్నని దారంతో కట్టి గాలిలో ఒకసారి, నీటిలో వేలాడదీసి ఒకసారి తూచండి. ఉదాహరణకు గాలిలో 14.1 గ్రాములు, నీటిలో 12.1 గ్రాములు తూగితే తేడా 2.0, 14.1ని 2.0తో భాగిస్తే 7.05 వస్తుంది. గ్రాములో నూరో వంతు చూపే తూనిక ఉంటే చిన్న స్ఫటికంతో కూడా నమ్మదగిన ఫలితం వస్తుంది.

రెండవది కాఠిన్యం. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు చెప్పే మోస్ కొలమానంలో ఇది 3.5 నుంచి 4 మధ్య ఉంటుంది, అంటే మామూలు ఉక్కు చాకు దీనిని గీయగలదు. ఆ పరీక్షను ప్రదర్శనకు పెట్టే స్ఫటికం మీద ఎప్పుడూ చేయవద్దు. అవసరమైతే అడుగున, కనపడని ముక్క మీద మాత్రమే చేయాలి, రాలిన పొడిని తడి కాగితంతో తుడిచివేయాలి. మూడవది మెరుపు: గుగ్గిలం మెరుపుకూ వజ్రపు మెరుపుకూ మధ్యస్థంగా ఉండే జిడ్డు నిగారింపు. వక్రీభవన గుణకం (కాంతిని ఎంతగా వంచుతుందో చెప్పే అంకె) 2.05 ప్రాంతంలో ఉండడం వల్ల ఆ నిగారింపు వస్తుంది, గాజుకు అది రాదు.

దీనిలా కనిపించే ఇతర పచ్చ ఖనిజాల్లో అపటైట్ కాఠిన్యం 5, సాంద్రత 3.2 ప్రాంతం, కాబట్టి బరువుతోనే తేలిపోతుంది. డయోప్టేజ్ రాగి సిలికేట్, మరింత గట్టిది, దాని పచ్చదనంలో నీలపు ఛాయ ఉంటుంది. అడమైట్ అనే జింక్ ఖనిజపు సాంద్రత 4.4 ప్రాంతం, అతినీలలోహిత దీపం కింద అది తరచు పచ్చగా వెలుగుతుంది. ఈ మూడింటితో పొరబడే అవకాశం తక్కువ. అసలు చిక్కు మిమెటైట్‌తో వస్తుంది.

మిమెటైట్‌కూ దీనికీ తేడా కంటితో తెలుస్తుందా?

తెలియదు, తెలుస్తుందని చెప్పేవారి మాటను కొంచెం అనుమానంతోనే వినాలి. మిమెటైట్ కూడా అదే నిర్మాణమున్న సీసపు ఖనిజం; ఫాస్ఫేట్ ఉండవలసిన చోట ఆర్సెనేట్ ఉంటుంది. ఈ రెండింటి మధ్య విడగొట్టే గోడ లేదు. ఫాస్ఫేట్, ఆర్సెనేట్ ఏ పాళ్ళలోనైనా కలిసి ఒకే స్ఫటికంగా పెరగగలవు, దీనినే ఘన ద్రావణం అంటారు. రెండింటిలో ఏది సగానికి మించితే ఆ పేరు పెట్టడం ఆనవాయితీ. ఒక స్ఫటికం నడుమ భాగం పైరోమార్ఫైట్ అయి, పై పొర మిమెటైట్ కావడం కూడా జరుగుతుంది. మిమెటైట్ ఎక్కువగా పసుపు, నారింజ రంగుల్లోను, పైరోమార్ఫైట్ ఎక్కువగా పచ్చ రంగులోను ఉంటాయన్నది ఒక మొగ్గు మాత్రమే, నియమం కాదు. ఇంగ్లండ్‌లోని కంబ్రియాలో డ్రై గిల్ గని నుంచి వచ్చిన కాంపిలైట్ అనే పీపా ఆకారపు నారింజ స్ఫటికాలు ఫాస్ఫేట్ కలిసిన మిమెటైట్. ఆకారం మాత్రం పైరోమార్ఫైట్‌ను గుర్తుకు తెస్తుంది.

కచ్చితంగా తెలుసుకోవాలంటే ప్రయోగశాల కావాలి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినికి అమర్చిన ఎక్స్-కిరణ విశ్లేషణ ఫాస్ఫరస్, ఆర్సెనిక్ పాళ్ళను చూపుతుంది. 1928లో సి.వి. రామన్ కనుగొన్న ప్రభావం మీద ఆధారపడిన రామన్ వర్ణపటమాపనం ఇంకా మేలైనది, ఎందుకంటే దానికి నమూనాను పొడి చేయనక్కరలేదు. ఫాస్ఫేట్ సమూహం 920 నుంచి 950 ప్రాంతంలోను, ఆర్సెనేట్ 810 ప్రాంతంలోను శిఖరాలు చూపుతాయి (సెంటీమీటరుకు తరంగాల లెక్కలో). విశ్లేషణ చేయించిన రోజు, పద్ధతి, ఏ స్ఫటికం మీద చేశారన్న సంగతి లేబుల్‌తో పాటు భద్రపరచాలి. విశ్లేషణ చేయించని నమూనాకు "పైరోమార్ఫైట్–మిమెటైట్ శ్రేణి" అని రాసుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. తెలిసినంత మేరకే రాయడం మంచి సేకరణకు గుర్తు.

మంచి పచ్చ పైరోమార్ఫైట్ ఏయే గనుల నుంచి వచ్చింది?

ఇటీవలి కాలంలో సేకరణల్లో ఎక్కువగా కనిపించే చిలకపచ్చ నమూనాలు చైనాలోని గ్వాంగ్‌షీ ప్రాంతంలో, గ్విలిన్ పరిసరాల్లోని దావ్‌పింగ్ గని నుంచి వచ్చినవి. 2000 తరువాతి తొలి సంవత్సరాల్లో అవి పెద్ద సంఖ్యలో బయటికి వచ్చాయి. వాటి నిగారింపు, స్ఫటికాల పరిమాణం చూసిన తరువాత పచ్చ పైరోమార్ఫైట్ అంటే ఎలా ఉండాలన్న అంచనాయే మారిపోయింది. అంతకు ముందు ఆ స్థానం ఫ్రాన్స్‌లోని కొర్రేజ్ ప్రాంతంలో, ఉసెల్ దగ్గరి లే ఫార్జ్ గనిది. 1970వ దశకంలో అక్కడ లభించిన పచ్చ, గోధుమ స్ఫటికాలు ఇప్పటికీ మ్యూజియంలలో గౌరవం పొందుతున్నాయి. స్పెయిన్‌లో సియుదాద్ రియాల్ ప్రాంతపు ఎల్ ఓర్కాహో గనులు కూడా చక్కని పచ్చ నమూనాలకు పేరుపడ్డాయి.

అమెరికాలో ఇడాహో రాష్ట్రపు కెల్లాగ్ పట్టణంలోని బంకర్ హిల్ గనికి ప్రత్యేక స్థానం ఉంది. 1885లో నోవా కెల్లాగ్ గుర్తించిన ఆ నిక్షేపం సీసం, వెండి కోసం తవ్వబడింది. అక్కడి పైరోమార్ఫైట్ పచ్చ, పసుపు, నారింజ రంగులన్నిటిలోను దొరికింది. పెన్సిల్వేనియాలోని ఫీనిక్స్‌విల్ దగ్గరి వీట్లీ గనులు 19వ శతాబ్దపు పాత సేకరణల్లో కనిపిస్తాయి. జర్మనీలోని బాద్ ఎమ్స్ పరిసరాల గనులు గోధుమ, బూడిద రంగు పీపా స్ఫటికాలకు ప్రసిద్ధి. కంబ్రియాలోని రఫ్టన్ గిల్, స్కాట్లాండ్‌లోని లెడ్‌హిల్స్, ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్ కూడా ఈ వరుసలో చెప్పుకోదగినవే.

ఈ వివరాలు చదివి మీ నమూనాకు రూపాన్ని బట్టి గని పేరు అంటగట్టవద్దు. అనుభవమున్న కళ్ళు ఆధార శిలను, తోటి ఖనిజాలను, స్ఫటికాల తీరును చూసి ఒక అంచనా చెప్పగలవు. ఆ అంచనాను అంచనాగానే రాయాలి.

లేబుల్ లేని నమూనాకు విలువ ఉంటుందా?

అందం ఉంటుంది. కానీ ఏ గని నుంచి, ఏ కాలంలో, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో తెలియని నమూనా శాస్త్రానికి పెద్దగా ఉపయోగపడదు. స్ఫటికం ఏ ఖనిజమో ఎప్పుడైనా యంత్రంతో తేల్చవచ్చు. అది ఎక్కడిదన్న సంగతిని మాత్రం ఒకసారి పోగొట్టుకున్నాక చాలాసార్లు ఏ యంత్రమూ తిరిగి చెప్పలేదు. పైన చెప్పిన గనుల్లో అనేకం మూతపడ్డాయి, కొన్ని నీటితో నిండిపోయాయి. వాటి ఆక్సీకరణ మండలంలో పెరిగిన స్ఫటికాలకు మిగిలిన సాక్ష్యం సేకరణల్లోని నమూనాలే. ఆ సాక్ష్యం చీటీ మీద ఆధారపడి ఉంది. సేకర్త చేయగల పనులన్నిటిలో నేను దీనికే మొదటి స్థానం ఇస్తాను.

కాబట్టి పాత చీటీలను, అవి ఎంత నలిగినా, చేతిరాత చదవలేనంతగా ఉన్నా, పారవేయకూడదు. వాటిని ఆమ్లం లేని కాగితపు కవరులో ఉంచి, మీ కొత్త చీటీని వాటి పక్కన చేర్చాలి. పాత చీటీ మీద కొత్త రాతలు రాయకూడదు. చీటీలు, నమూనాలు విడిపోకుండా ఉండడానికి నమూనా అడుగున ఆధార శిల మీద చిన్న సంఖ్య వేయడం పాత పద్ధతి. మ్యూజియంలలో వాడే, అసిటోన్‌తో తిరిగి తొలగించగల అక్రిలిక్ లక్కను పలుచగా పూసి, దాని మీద సిరాతో సంఖ్య రాసి, పైన మరొక పూత వేస్తారు. అదే సంఖ్య మీ పుస్తకంలో, ఫోటోలో, చీటీలో కూడా ఉండాలి. పుస్తకంలో ఖనిజం, గని, ప్రాంతం, దేశం, కొలతలు, ఎప్పుడు ఎవరి నుంచి వచ్చింది, ఏవైనా మరమ్మతులు ఉన్నాయా అన్నవి తప్పక నమోదు కావాలి.

ఇందులో సీసం ఉంది కదా, ఇంట్లో ఉంచడం ప్రమాదమా?

జాగ్రత్తగా ఉంచితే, చూడడం వల్ల గానీ, అద్దాల బీరువాలో ఉండడం వల్ల గానీ ప్రమాదం లేదు. సీసం ఆవిరై గాలిలో కలవదు. అభంగమైన చర్మం గుండా ఇటువంటి ఖనిజంలోని సీసం చెప్పుకోదగినంతగా లోపలికి పోదు. ప్రమాదం ధూళి రూపంలో, నోటి ద్వారా, శ్వాస ద్వారా వస్తుంది. పైరోమార్ఫైట్ నీటిలో దాదాపు కరగదన్న మాట నిజమే అయినా, దానిని ధైర్యంగా తీసుకోకూడదు. జీర్ణాశయంలో ఉండేది మామూలు నీరు కాదు, ఆమ్లం. పైగా ఇలాంటి నమూనాల మీద సెరుసైట్ వంటి, ఆమ్లంలో తేలికగా కరిగే సీసపు ఖనిజాలు పొడిగా అంటుకుని ఉండవచ్చు. సీసానికి సురక్షితమని చెప్పదగిన కనీస మోతాదు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది.

అందువల్ల నమూనాను పట్టుకున్న ప్రతిసారి చేతులు సబ్బుతో కడుక్కోవాలి. దాని దగ్గర తినడం, తాగడం చేయకూడదు. భోజనాల బల్ల మీద, వంటగదిలో దీనిని విప్పకూడదు. కోయడం, సాన పట్టడం, పొడి బ్రష్‌తో గట్టిగా రుద్దడం అసలే వద్దు. రాలిన రేణువులను ఊదకుండా, చీపురుతో ఊడ్వకుండా, తడి కాగితంతో అద్ది తీసి మూటగట్టి పారవేయాలి.

చిన్న పిల్లలు, గర్భిణులు ఉన్న ఇంట్లో?

తాళం వేసే అద్దాల బీరువాలో, పిల్లల చేతికి అందని ఎత్తులో మాత్రమే ఉంచాలి. పిల్లల మెదడు ఎదుగుదల మీద సీసం ప్రభావం పెద్దల కంటే ఎక్కువ, వారి శరీరం సీసాన్ని ఎక్కువ నిష్పత్తిలో గ్రహిస్తుంది కూడా. చూపించాలనుకుంటే పారదర్శకమైన మూత పెట్టెలో పెట్టి చూపండి. గర్భిణులు నమూనాలను శుభ్రం చేసే పని పెట్టుకోకూడదు.

ఇది రేడియోధార్మికమా?

కాదు.

దుమ్ము పట్టింది. ఎలా శుభ్రం చేయాలి?

ముందుగా, శుభ్రం చేయడం నిజంగా అవసరమా అని ఆలోచించండి. పలుచని దుమ్ముకు రబ్బరు బుడ్డితో నెమ్మదిగా గాలి కొట్టడం, అది కూడా ఆరుబయట, ముఖానికి మాస్కు కట్టుకుని చేయడం సరిపోతుంది. పోకపోతే గది ఉష్ణోగ్రతలో ఉన్న స్వేదన జలం, ఒకటి రెండు చుక్కల తేలికపాటి ద్రవ సబ్బు, మెత్తని కుంచె వాడవచ్చు. తరువాత స్వేదన జలంతో కడిగి, నీడలో ఆరనివ్వాలి. వేడి నీరు వద్దు. ఉన్నట్టుండి వేడి మారితే పెళుసైన స్ఫటికాలు పగలవచ్చు. శ్రవణాతీత ధ్వనితో శుభ్రం చేసే యంత్రం ఈ ఖనిజానికి పనికిరాదు, గుచ్ఛంలోని సన్నని స్ఫటికాలు అందులో ఊడిపోతాయి.

ఆమ్లాల గురించి గట్టిగానే చెప్పాలి. క్వార్ట్జ్ మీది తుప్పు మరకలు పోగొట్టడానికి సేకర్తలు ఆక్సాలిక్ ఆమ్లం వాడతారు. అది చదివి పైరోమార్ఫైట్ మీద ప్రయోగిస్తే మెరుపు పోయి ఉపరితలం పాలిపోవచ్చు. నత్రికామ్లంలో ఇది కరుగుతుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం కూడా దీనిని తింటుంది. పైగా సీసం కరిగిన ఆ ద్రావణాన్ని ఎక్కడ పారబోస్తారు? గోథైట్ మరక నమూనా చరిత్రలో భాగమే, దానిని అలాగే ఉండనివ్వండి.

వెలుతురు వల్ల రంగు మారుతుందా? ఎలా భద్రపరచాలి?

పైరోమార్ఫైట్ వెలుతురుకు బాగా తట్టుకుంటుంది. వెలుతురుకు పాడయ్యే రియాల్గర్, ప్రూస్టైట్ వంటి ఖనిజాలను చీకటిలో ఉంచాలన్న నియమం దీనికి లేదు. ఎల్ఈడీ దీపం కింద ప్రదర్శించవచ్చు, వేడి ఎక్కువ ఇచ్చే పాతకాలపు దీపాలు వద్దు. పెట్టెలో స్ఫటికాల కొసలకు ఏదీ తగలకుండా, నమూనా అడుగు భాగం మాత్రమే ఆనేటట్లు నిలబెట్టాలి. ఆధార శిలలో మార్కసైట్ అనే ఇనుప సల్ఫైడ్ ఉంటే తేమకు అది కుళ్ళి ఆమ్లం పుట్టిస్తుంది, ఆ ఆమ్లం పక్కనున్న స్ఫటికాలను, చీటీలను కూడా పాడు చేస్తుంది. అటువంటి నమూనా పెట్టెలో సిలికా జెల్ సంచి వేసి, అప్పుడప్పుడు పరిశీలించాలి.

స్ఫటికాలను జిగురుతో అతికించారేమోనన్న అనుమానం ఉంది. ఎలా తెలుస్తుంది?

పైరోమార్ఫైట్‌ను కృత్రిమంగా పెంచి అమ్మడం కంటే, నిజమైన స్ఫటికాలనే తెచ్చి వేరే రాతి మీద అతికించడం, విరిగిన వాటిని మళ్ళీ కలపడం ఎక్కువగా జరిగే విషయం. దీర్ఘ తరంగ అతినీలలోహిత దీపం కింద చాలా జిగురులు నీలి తెలుపుగా వెలుగుతాయి. పైరోమార్ఫైట్ కూడా కొన్నిసార్లు మసకగా పసుపు లేదా నారింజ రంగులో వెలుగుతుంది కనుక, చూడవలసింది స్ఫటికాన్ని కాదు, స్ఫటికం రాతిని కలిసే గీతను. భూతద్దంతో చూసినప్పుడు అక్కడ బుడగలు, రాతి పొడి కలిపిన ముద్ద, లేదా చుట్టూ పెరిగిన చిన్న స్ఫటికాలు లేకుండా ఒక్క పెద్దదే ఒంటరిగా నిలబడి ఉండడం అనుమానించదగిన సంకేతాలు. దూదికి అసిటోన్ తడిపి కనపడని మూల తాకిస్తే కొన్ని జిగురులు మెత్తబడతాయి. నూనె పూసి మెరుపు తెచ్చిన నమూనా అయితే తెల్ల కాగితం మీద కొంతసేపు ఉంచగానే మరక పడుతుంది.

విరిగిన స్ఫటికాన్ని దాని అసలు చోటులోనే అతికించడం తప్పు కాదు, దాచడం తప్పు. మరమ్మతు వివరం చీటీ మీద ఉన్నంత వరకు ఆ నమూనా నిజాయితీ గల నమూనాయే. వేరే గని రాతి మీద అతికించిన స్ఫటికం మాత్రం ఎంత అందంగా ఉన్నా అబద్ధమే చెబుతుంది.

రాయి బూడిద రంగులో ఉంది, ఆకారం మాత్రం షట్కోణ పట్టకం. ఇది కూడా పైరోమార్ఫైటేనా?

ఒకప్పుడు అయి ఉండవచ్చు. ఫాస్ఫేట్ స్థిరమైనదని పైన చెప్పాను, కానీ సల్ఫర్ నిండిన ద్రవాలు మళ్ళీ ఆ సిరలోకి వస్తే పైరోమార్ఫైట్ తన ఆకారాన్ని మాత్రం ఉంచుకుని గలీనాగా మారిపోగలదు. గలీనా సహజంగా ఘనాకారంలో పెరుగుతుంది కనుక, ఆరు పక్కల గలీనా పట్టకం కనబడితే అది ఇలాంటి మార్పుకు గుర్తు. జర్మనీలో మోజెల్ లోయ దగ్గరి కౌటెన్‌బాక్, ఫ్రాన్స్‌లో బ్రిటనీ ప్రాంతపు ఉయెల్‌గోట్ ఇలాంటి వాటికి ప్రసిద్ధి. గలీనా నుంచి పుట్టిన ఖనిజం తిరిగి గలీనా అయిందన్న మాట; పచ్చ నమూనా పక్కన ఇది ఒకటి ఉంటే సేకరణ ఎంతో అర్థవంతం అవుతుంది.

దీనిని ఆభరణంగా చెక్కించుకోవచ్చా?

వద్దు. మెత్తనిది, పెళుసుది, సీసంతో నిండినది. అరుదుగా సేకర్తల కోసం చిన్న రాళ్ళుగా సాన పట్టినవి ఉన్నాయి, కానీ అవి ధరించడానికి కాదు.

అందం తప్ప ఈ ఖనిజానికి వేరే ప్రయోజనం ఉందా?

సీసపు ధాతువుగా దీని పాత్ర చిన్నది. దీని అసలు ప్రాముఖ్యం ఇప్పుడు కాలుష్య నివారణలో ఉంది. పాత గనులు, సీసం కరిగించే కర్మాగారాల చుట్టూ నేల సీసంతో కలుషితమైనప్పుడు, ఆ నేలకు ఫాస్ఫేట్ కలిపితే కరిగే రూపంలోని సీసం కొంత పైరోమార్ఫైట్‌గా మారి, మొక్కలకు, నీటికి, దేహాలకు అందడం తగ్గుతుంది. సీసం మట్టిలోనే ఉంటుంది, కానీ కదలదు. పాత సీసపు గొట్టాలున్న నగరాల్లో తాగునీటికి ఆర్థోఫాస్ఫేట్ అనే ఫాస్ఫేట్ రూపాన్ని కలపడం వెనుక ఉన్న ఆలోచన కూడా ఇలాంటిదే: గొట్టం లోపలి గోడ మీద కరగని సీసపు ఫాస్ఫేట్ పొర కట్టించి, సీసం నీటిలోకి దిగకుండా చేయడం. మీ బీరువాలోని స్ఫటికం ఏ రసాయన గుణం వల్ల ఏర్పడిందో, ఆ గుణమే ఈ రెండు చోట్లా పనిచేస్తోంది.

విలువను ఏ అంశాలు నిర్ణయిస్తాయి?

స్ఫటికాల కొసలు పదునుగా, దెబ్బ తినకుండా ఉండడం అన్నిటికంటే ముఖ్యం. తరువాత మెరుపు, రంగు సమంగా ఉండడం, స్ఫటికాల పరిమాణం, ఆధార శిలతో కూర్పు, గని పేరు, పూర్వపు యజమానుల చీటీలు. పరిమాణం పెద్దదైనంత మాత్రాన మేలైనది కాదు. ఒక అంగుళపు ఘనంలో పట్టే, మచ్చ లేని చిన్న నమూనాను నేను పిడికెడంత దెబ్బతిన్న దానికంటే ముందుంచుతాను.

మరొకరికి ఇవ్వాలన్నా, పంపాలన్నా ఎలా?

ముందుగా ఫోటోలు తీసి, కొలతలు, ఉన్న దెబ్బలు నమోదు చేయండి. చిన్న పెట్టెలో నమూనా అడుగు భాగాన్ని కదలకుండా బిగించి, స్ఫటికాల చుట్టూ ఖాళీ వదలండి; దూది స్ఫటికాల మధ్య చిక్కుకుని తీసేటప్పుడు విరుస్తుంది కనుక నేరుగా వాటి మీద పెట్టకూడదు. ఆ పెట్టెను అన్ని వైపులా నురుగు అట్టలతో నింపిన పెద్ద పెట్టెలో ఉంచాలి. చీటీల నకళ్ళు మీ దగ్గర ఉంచుకుని, అసలు చీటీలను ప్లాస్టిక్ కవరులో నమూనాతోనే పంపాలి. దేశాల సరిహద్దు దాటించేటప్పుడు రెండు దేశాల నియమాలు ముందే కనుక్కోవాలి. తీసుకునే వారికి ఖనిజాల గురించి తెలియకపోతే, ముఖ్యంగా వారసత్వంగా సేకరణ ఒక కుటుంబానికి చేరుతున్నప్పుడు, పెట్టె మూత లోపలి వైపు "సీసం ఉంది, పట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి, చీటీని విడదీయవద్దు" అని పెద్ద అక్షరాలతో రాసి అతికించండి.